ఇంటికి మఱుగును వెలుగును

వార్షిక సంచికయందు చదువును గుఱించియు, నడవడిని గుఱించియు, ఆటపాటలను గుఱించియు వ్యాసములు వ్రాయుట ఉపాధ్యాయులకు వాడుక. ఈ యేడు మేము ఇంటి కట్టడమును గుఱించి వ్రాయబూనుకొంటిమి. ఇది మేస్త్రీల పనియే గాని బడిపంతుళ్ల పని కాదని కొందఱు నవ్వవచ్చును. కాని బడిలో మా యెదుట కూర్చుండు పిల్లలు దినమునకు ఏడు గంటలు మాత్రమే మా యొద్ద నుందురు. తక్కిన పదునేడు గంటలును వారికి ఇల్లే బడి. ఆ యింటి గోడలు ఎక్కడ నున్నవి, కిటికీలు ఏ దిక్కునకు తెఱచుకొనుచున్నవి, కూతురు బట్టలు మార్చుకొనుటకు చోటు కలదా, కొడుకు పుస్తకము పట్టుకొని కూర్చున్నప్పుడు పుట మీద పడునది సూర్యుని వెలుగా, దీపపు వెలుగా? ఈ సంగతులు పిల్లవాని చదువునకు సంబంధింపనివని అనగల ధైర్యము మాకు లేదు.

ఇప్పుడే వ్రాయుటకు మఱొక కారణము కూడ కలదు. మనది గనుల ఊరు. 1871లో డాక్టరు కింగను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కనుగొనెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు స్థిరపడెను. 1927 ప్రాంతమున మన వైపున గనులు తెఱవబడెను. అడవి నఱికి బావులు త్రవ్వినారు. బావుల చుట్టును వరుస యిండ్లు లేచినవి. ఆ వరుసల చుట్టును బస్తీలు పెరిగినవి. నేల కంపెనీది, ఇల్లు కంపెనీది. కావున మన తాతలకు క్వార్టరు వచ్చుట యన నేమో తెలియును గాని, ఇల్లు కట్టుకొనుట యన నేమో అంతగా తెలియదు. నేడు ఆ స్థితి మాఱినది. పట్టణములోని పాత గనులు పెక్కు మూతపడినవి. కంపెనీ విడిచిన నేలలో కాపురమున్నవారికి జీవో 76 క్రింద పట్టాలు చేతికి వచ్చినవి. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టము, 75 చదరపు గజముల లోపు స్థలములో 7 మీటర్ల ఎత్తు మించకుండ కట్టుకొను ఇంటికి ముందుగా అనుమతి అక్కఱలేదనియు, ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసికొన్న చాలుననియు చెప్పినది. పేదవానికి ఇది గొప్ప మేలు. ఆఫీసుల చుట్టు తిరుగు బాధ తప్పినది. కాని ఇంటి తీరు ఎట్లుండవలెనో చూచి చెప్పు ఇంజనీరు చేయి కూడ దానితోడనే తప్పినది. ఇప్పుడు ఇంటి నక్షా గీయువారు ఇద్దఱే: ఒకరు యజమాని, మఱియొకరు మేస్త్రీ. ఆ ఇద్దఱును ఎదురింటిని చూచియే గీయుచున్నారు. ఎదురింటివారు ఎవరిని చూచి గీసిరో!

క్వార్టరును గుఱించి ముందు చెప్పవలెను. ఏలయనగా మనలో చాలమంది అందే పుట్టి పెరిగినవారము. ముందు చిన్న వరండా, ఒక గది, వెనుక వంటయిల్లు, దాని వెనుక నీళ్లదొడ్డి. ఒక గోడకు ఇటు ఒక కుటుంబము, అటు ఒక కుటుంబము. ఇటు దగ్గిన అటు వినబడును. మొగుడు పెండ్లాములు గొంతెత్తి మాటాడినచో మఱునాడు కొళాయి వద్ద ఆ మాట నలుగురి నోట నుండును. గనిలో మూడు షిఫ్టులు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన తండ్రి ఉదయము తొమ్మిదింటికి నడుము వాల్చును. ఉన్నది ఒక్కటే గది. ఆయన నిదురించునంతసేపును తల్లి గిన్నె చప్పుడు కానీయదు. చిన్నపిల్ల యేడ్చిన ఎత్తుకొని వీధి చివరకు పోవును. సెలవునాడైన పెద్దపిల్లలు పుస్తకములతో సహా వెళ్లగొట్టబడుదురు. “సారూ, నాయిన పండుకుంటే పోరగాండ్లను ఇంట్ల ఉంచనియ్య, ఏడ సదువుకుంటరో నాకు ఎర్క లేదు” అని ఒక తల్లి మాతో చెప్పినది. ఆమె చెప్పినది ఒక్క యింటి మాట కాదు. పగటి నిద్రకు చీకటి గది, చప్పుడు చొరని గది యుండుట గనివానికి భోగము కాదు. నిదుర లేని కండ్లతో భూమి లోనికి దిగువాని ప్రాణము ఎంత నమ్మకమైనదో మనకు తెలిసినదే.

ఇక ఆడపిల్లల సంగతి. వెనుక దొడ్డికి గోనెపట్టాయో, పాత చీరయో తెఱగా కట్టి స్నానము చేయుట, తెల్లవాఱకముందే లేచి ఆ పని ముగించుకొనుట, బట్టలు మార్చుకొనునప్పుడు తమ్ముళ్లను బయటికి పొమ్మనుట, ఇవన్నియు మన తల్లులును అక్కలును సహించినవి. ఎవరును దానిని గుఱించి పత్రికలలో వ్రాయలేదు. ఒక్క తలుపు గడియ లేకపోవుటచేత ఎన్ని సిగ్గులు దిగమ్రింగవలసి వచ్చెనో లెక్క యెవరు కట్టిరి?

అయినను ఆ క్వార్టరుకు ఒక సంపద యుండెను. ముందు తడికె కట్టుకొని అందులో నాలుగడుగుల నేల మిగుల్చుకొనుచుండిరి. ఆ నాలుగడుగులలో ఒక వేపమొక్కయో, మునగచెట్టో, పందిరి మీద చిక్కుడో సొరయో, కొళాయి నీరు పాఱుచోట బచ్చలియో అరటియో. వేసవి రాత్రులలో నులకమంచములన్నియు ఆ వేపచెట్ల క్రింద వరుసగా పడుచుండెను. రామగుండము, బెల్లంపల్లి ప్రాంతములలో మే మాసపు ఎండ 45 డిగ్రీలను ముట్టుట క్రొత్త గాదు. అట్టి దినమున రేకుల క్రింద పండుకొనుట సాధ్యము కాదు, కావున ఆకాశమే కప్పు. నక్షత్రములను పేరుపేరున చెప్పగల ముసలివారిని మేమెఱుగుదుము. వారు ఖగోళశాస్త్రము చదివినవారు కారు; మే నెలలో ఆరుబయట పండుకొన్నవారు.

కావున పాత యింటికి వెలుగు, గాలి, చెట్టు ఉండెను, మఱుగు లేదు. ఇప్పుడు కట్టుచున్న యింటికి మఱుగున్నది, తక్కినవి లేవు. మా ఫిర్యాదు ఇదియే.

క్రొత్త యింటిని చూడుడు. స్థలము ఎంతయో గోడ అంత. ఇటు హద్దు మీద గోడ, అటు హద్దు మీద గోడ. ముందు ఇనుప గేటు, గేటు వెనుక మోటారు సైకిలు, దాని వెనుక హాలు, హాలు వెనుక పడకగది, దాని వెనుక వంటగది, రైలు పెట్టెలవలె ఒకదాని వెనుక ఒకటి. నడిమి గదికి కిటికీ లేదు. ఉన్నను అది పొరుగువాని గోడను రెండడుగుల దూరమున చూచుచుండును. దానికి నల్లని అద్దము, అద్దమునకు పరదా, పరదా ముందు బీరువా. మిట్టమధ్యాహ్నము దీపము వెలిగించిన గాని గోడ మీది గడియారము కనబడదు. మొదట పంకా, పిమ్మట కూలరు, ఆ పిమ్మట ఏసీ. ఏసీ పెట్టినందున ఉన్న కిటికీని కూడ మూసివేయుదురు. నేల యంతయు నునుపు బండలు. వాన పడిన నీరు ఇంకుటకు జానెడు మన్ను లేదు. అది వీధిలోనికి పోయి పొరుగువాని గుమ్మము ముందు నిలుచును. ఉన్న వేపచెట్టును పునాది నాడే కొట్టివేసిరి. గృహప్రవేశము నాడు దాని స్థానమున ప్లాస్టిక్ పూలకుండీ నిలిపిరి.

ఇది మేము వేళాకోళమునకు చెప్పుటలేదు. ఆ యింటి యజమాని ముప్పదియేండ్లు భూమి లోపల పనిచేసినవాడు. లోపల పగలును రాత్రియు ఒక్కటే. తల మీది టోపీదీపము వెలిగినంత మేరయే లోకము. గాలి కూడ యంత్రముతో పంపవలసినదే. అట్టివాడు జీవితకాలపు చెమటతో, గ్రాట్యుటీ సొమ్ముతో, పైకి వచ్చి కట్టుకొను ఇల్లు మరల దీపము వెలిగింపనిదే కనబడని గుహ కావలెనా? లోకమున ఎవనికైన ఇంటిలో ఆకాశము చూచు హక్కు కలదన్నచో అది గనివానికే మొదట కలదని మా యభిప్రాయము.

ఈ మాట చెప్పగానే కొందఱు పెద్దలు వెనుకటి మండువా లోగిళ్లను తలచుకొందురు. నడుమ ఆకాశము, నాలుగు వైపుల వసారాలు, గూనపెంకుల చూరులు, వాననీరు నడిమి గుంటలో పడుట, ముందు అరుగులు. మన తెలంగాణపు పల్లెలలోని భవంతి యిండ్లును ఇట్టివే. అవి అందమైనవే, గాలి వెలుతురుల తెలివి వానిలో నిండుగా నున్నది. కాని వానిని తలచుకొని కన్నీరు పెట్టువారితో మేము పూర్తిగా ఏకీభవింపజాలము. ఆ లోగిలిలో మఱుగు ఎవరికుండెను? ఇంటి పెద్దకు. కోడండ్లు చీకటి వంటయింటిలో పొగ మ్రింగుచుండిరి. క్రొత్త దంపతులకు తలుపున్న గది దొరకుటయే కష్టము. ఇక అరుగు దాటి లోనికి రాదగినవారు ఎవరు, వాకిటనే నిలువవలసినవారు ఎవరు అనునది పుట్టుకను బట్టి నిర్ణయింపబడుచుండెను. మా చదువరులలో అనేకుల తాతముత్తాతలు ఆ లోగిళ్ల నడిమి ఆకాశమును ఒక్కనాడును చూచియుండరు. కావున ఆ యింటి కొలతలను తీసికొందము. దాని కట్టుబాట్లను తీసికొననక్కఱలేదు.

ఆ కొలతలను నేటి చిన్న యింటికి తెచ్చినవారిలో మొదట చెప్పదగినవాడు మన సికింద్రాబాదులో 1930లో పుట్టిన చార్లెస్ కొఱియా. 2015లో కాలధర్మము చెందిన యీ శిల్పి జీవితమంతయు చెప్పిన మాట యొకటే: వేడి దేశములలో ఆకాశమునకు తెఱచియున్న చోటు కూడ ఒక గదియే, దానికి కప్పు ఖర్చు లేదు, ఉదయము, సాయంకాలము, రాత్రి అది తక్కిన గదులకన్న ఎక్కువ పనికి వచ్చును. ఊరక చెప్పి యుండలేదు. 1980లలో నవీ ముంబయిలోని బేలాపూరులో తక్కువ రాబడి వారికి ఆయన కట్టించిన యిండ్ల స్థలములు సుమారు 45 చదరపు మీటర్లు మొదలుకొని 75 చదరపు మీటర్ల వఱకు. మన 75 గజములు సుమారు 63 చదరపు మీటర్లు. అనగా సరిగా ఆ నడుమనే యున్నవి. ఏడేసి యిండ్లు ఒక చిన్న ముంగిలి చుట్టును కూర్చుండును. ఏ యింటి గోడయు పొరుగింటి గోడ కాదు. కావున ఎవరి చేతికి డబ్బు వచ్చినప్పుడు వారు తమ యింటిని పెంచుకొనవచ్చును. ప్రతి యింటికి తన సొంత దొడ్డి, ఏడిండ్లకు కలిపి ఒక వాకిలి, అటుపిమ్మట వీధి. ఇంటి ఆడుకూతురు నుండి ఊరివాని వఱకు ఎవరికెంత చేరువయో ఆ కట్టడమే చెప్పును. తరువాతి కాలమున అచ్చట చాలమంది ఆ యిండ్లను పడగొట్టి పెద్ద మేడలు కట్టుకొనిరి. దానిని ఓటమి యని మేము అనము. పెంచుకొనుటకే కదా ఆయన ఇచ్చినది! కాని ఏ ముంగిలిని మూయక పెంచిరో ఆ యిండ్లే ఇంకను చల్లగా నుండునని ఊహించుట కష్టము కాదు.

ఇంతకంటె ఇరుకైన ఉదాహరణ కావలెనన్నచో జపాను దేశపు ఒసాకా నగరమున నున్నది. 1976లో తడావో ఆండో యనువాడు సుమియోషి యను పేటలో, వరుస యిండ్ల నడుమ, సుమారు 57 చదరపు మీటర్ల స్థలములో ఒక యిల్లు కట్టెను. అది మన 75 గజములకన్న చిన్నది. వీధి వైపున ఒక ద్వారము తప్ప కిటికీయే లేదు. ఎవడును తొంగి చూడజాలడు. కాని లోపలికి పోయిన, స్థలమును మూడు భాగములు చేసి నడిమి భాగమును పూర్తిగా ఆకాశమునకు విడిచినాడు. ముందు గదులకును వెనుక గదులకును ఆ నడిమి ముంగిలి నుండియే వెలుగును గాలియు. ఒక చిక్కు కలదు: వాననాడు స్నానపు గదికి పోవలెనన్నను గొడుగు పట్టుకొని పోవలెను! లోకమున గొప్ప పేరు వచ్చిన కట్టడమే గాని, మా యింటిలో ముసలితల్లి యున్నచో మేము దానిని అట్లే కట్టింపము. మూడవ వంతు విడువనక్కఱలేదు. చుట్టును రెండడుగుల చూరు దింపిన చాలును.

ఇక లెక్క. విద్యార్థులు దీనిని పలక మీద వేసికొని చూడవచ్చును. 75 చదరపు గజములు 675 చదరపు అడుగులు. ఇరువదిరెండున్నర అడుగుల ముఖము, ముప్పది అడుగుల లోతు అనుకొందము. ఇంటి నడుమ ఆఱడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల చోటు కప్పు వేయక విడిచినచో పోయినది 48 చదరపు అడుగులు. అనగా పదునాలుగు పాళ్లలో ఒక పాలు మాత్రమే. ఆ యొక్క పాలు చేత నడిమి గదికి కిటికీ వచ్చును. వంటగది పొగ పైకి పోవును. ముందు కిటికీనుండి దూఱిన గాలికి బయటపడు దారి దొరకును. గాలి సంగతి చాలమందికి తెలియదు. గదికి ఒక్క కిటికీయే యున్నచో, అది ఎంత పెద్దదైనను గాలి లోనికి సరిగా రాదు; నిండిన సీసాలో నీరు పోసినట్లే. ప్రవేశించుటకొక దారి, వెడలుటకొక దారి ఉండవలెను. కాపురముండు గది ఒక్కటే యైనచో దాని వైశాల్యము తొమ్మిదిన్నర చదరపు మీటర్లకు తగ్గరాదనియు, పొడి వేడి ప్రాంతములలో నేల వైశాల్యమున పదవ వంతు కిటికీలుండవలెననియు జాతీయ భవన నియమావళి చెప్పుచున్నది. పదడుగుల చదరపు గదికి నాలుగడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు గల కిటికీ ఒక్కటి ఆ లెక్కకు సరిపోవును. మన క్రొత్త యిండ్ల నడిమి గదులలో ఎన్ని ఈ చిన్న పరీక్షలో ఉత్తీర్ణములగునో!

కిటికీ తెఱచిన పొరుగువారు చూతురు కదా యను ప్రశ్న న్యాయమైనది. దీనికి జాలీ గోడ జవాబు. 1945లో మన దేశమునకు కుష్ఠురోగుల మిషను పనికై వచ్చి, పిమ్మట కేరళలో స్థిరపడి, 2007లో మరణించిన లారీ బేకరు ఈ విద్యలో ఆఱితేఱినవాడు. తిరువనంతపురములో ఆయన కట్టిన అభివృద్ధి అధ్యయన కేంద్రపు గోడలు పెక్కు చోట్ల జాలీలే. ఇటుకల నడుమ సందులు విడుచుచు పేర్చుకొని పోవుట తప్ప అందులో మఱేమియు లేదు. చెక్క, అద్దము, ఇనుము అక్కఱలేదు. ఇటుకలు కూడ తక్కువ పట్టును. అది మఱుగు ఎట్లు నిచ్చును? కన్ను చీకటి వైపు నుండి వెలుగు వైపునకు తేలికగా చూడగలదు. వెలుగు వైపు నుండి చీకటి లోనికి చూడజాలదు. కావున పగటివేళ లోపలనున్న తల్లికి వీధిలోని బిడ్డ కనబడును. వీధిలోనివానికి లోపలి తల్లి కనబడదు. రాత్రి దీపము వెలిగించినప్పుడు ఈ న్యాయము తల్లక్రిందులగును. కావున జాలీ లోపలి వైపున ఒక పరదా తప్పక యుండవలెను. ఈ చిన్న సంగతి మఱచి జాలీలను నిందించువారు కలరు.

సూర్యుని నడకను భూగోళపు పాఠములో చెప్పుదుము. పరీక్ష అయినపిమ్మట దానిని మఱచిపోవుదుము. బెల్లంపల్లి సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. జూన్ మాసపు మధ్యాహ్నమున సూర్యుడు దాదాపు నడినెత్తిన, కొంచెము ఉత్తరమునకు వాలి యుండును. డిసెంబరులో దక్షిణమునకు బాగుగా దిగి, మధ్యాహ్నమున సుమారు నలువది యేడు డిగ్రీల ఎత్తున నుండును. దక్షిణపు కిటికీ పై రెండడుగుల సజ్జ వేసినచో, మార్చి నెల మధ్యాహ్నమున నాలుగడుగుల కిటికీ అంతయు నీడలో నుండును. డిసెంబరులో పై సగము మాత్రమే నీడ, క్రింది సగమునుండి వెచ్చని యెండ గదిలోనికి వచ్చును. వలసినప్పుడు వచ్చి, అక్కఱలేనప్పుడు ఆగు ఎండ! పడమటి కిటికీకి ఇట్టి సజ్జ పనికిరాదు. సాయంకాలపు సూర్యుడు అడ్డముగా గుచ్చును. కావున పడమట మెట్లో, స్నానపు గదియో పెట్టుకొనవలెను, లేదా చెట్టు నాటుకొనవలెను. వేపకన్న మంచి పడమటి గోడ మాకు తెలియదు. కప్పునకు తెల్లరంగు వేసినచో లోపలి వేడి తగ్గునని చెప్పుచు, తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించెను. చిన్న యిండ్లకు అది నిర్బంధము గాదు. సున్నపు బకెట్టు నిర్బంధమున కెదురుచూడనక్కఱలేదు.

ఆక్షేపణలు మాకు తెలియనివి కావు. నడుమ ఆకాశము విడిచిన కోతులు దిగును. నిజమే, మన కోతులు కిటికీ నుండి కూడ అన్నపు గిన్నె ఎత్తుకొని పోవుచున్నవి. ముంగిలి మీద ఇనుప చట్రము వేయక తప్పదు. దానితో దొంగల భయమును తీఱును. దోమలు వచ్చును, నీరు నిలువనీయక ఇంకుడుగుంత త్రవ్వి, కిటికీలకు సన్నని వల బిగింపవలెను. బొగ్గుదుమ్ము పడును. ఈ ఆక్షేపణ అన్నిటికన్న బరువైనది. ఓపెన్ కాస్టు గనులకు దగ్గఱ నున్న బస్తీలలో ఆరవేసిన తెల్లచొక్కా సాయంకాలమునకు బూడిదరంగు అగును. అట్టిచోట కిటికీలు తెఱువుడని చెప్పుట మాకును సంకోచమే. కాని అది ఇంటి తప్పు కాదు. దుమ్మును దాని పుట్టినచోటనే, దారులు తడిపియు, చెట్లు పెంచియు, లారీలకు కప్పు వేయించియు ఆపవలెను. దుమ్ము చేయువాడు ఉండగా ఊపిరి పీల్చువాడే కిటికీ మూసికొనవలెననుట సరికాదు.

వాస్తు మాట కూడ వచ్చును. మన క్రైస్తవ కుటుంబములలో సైతము పునాది వేయుటకు ముందు చాటుగా వాస్తు పండితుని అడిగి వచ్చువారు కలరని మాకు తెలియును; పేర్లు చెప్పము! ఆ శాస్త్రములోని మంచిచెడ్డలు ఎట్లున్నను, ఇంటి నడిమి చోటును బరువు లేక విడువుమని అదియు చెప్పుచున్నది. దిక్కులన్నియు శ్రద్ధగా పాటించి, ఆ యొక్కమాటను మాత్రము బీరువాతో మూయుట చిత్రము.

అసలు అడ్డు ఇవేవియు కావు. అసలు అడ్డు అద్దె. ముందు గది దుకాణమునకు, పై అంతస్తు కిరాయికి, వెనుక గది తమ్మునికి అని లెక్క వేసికొనునప్పుడు 48 చదరపు అడుగుల ఆకాశము దండుగగా కనబడును. గనుల కొలువులు తఱిగిపోయిన ఊరిలో అద్దె రాబడిని తేలికగా తీసివేయజాలము. కాని వెలుతురు లేని గదికి వచ్చు కిరాయిదారు ఏడాది నిలువడు; మొదటి వేసవికే వెడలిపోవును. ఏసీ కరెంటు బిల్లు కూడ ఆ అద్దెలోనుండియే పోవును. ఈ రెండును కలిపి లెక్క వేసినవారు మాకింకను కనబడలేదు.

స్థలము నిజముగా లేనివారికి, రెండు గదులలో ఆఱుగురున్నవారికి, మేము చెప్పున దేమి? గడియ వేసికొనగల తలుపు ఒకటి, స్నానపు గదికి. ఇది మొదటి ఖర్చు కావలెను. హాలులోని పాల్ సీలింగు ఆఖరి ఖర్చు కావలెను. తూర్పు కిటికీ క్రింద ఒక బల్ల, పిల్లవానికి. షిఫ్టు తండ్రికి వీధికి దూరమైన మూల మంచము, దానికి మందపు పరదా. ఒంటరిగా కూర్చుండి ఆలోచించుటకో, ప్రార్థించుకొనుటకో, ఏడ్చుటకో మేడ మీద నాలుగడుగుల చాటు. ఈ చాటు ఆడువారికి ఎక్కువగా అవసరము. వారికే తక్కువగా దొరకుచున్నది.

పట్టణములోని పాత క్వార్టర్లను పడగొట్టి తిరిగి కట్టునప్పుడెల్ల అధికారులకు ఒక మనవి. ఇంగ్లండులో 1890లలో జార్జి క్యాడ్బరీ యను చాక్లెట్టు వ్యాపారి బోర్న్‌విల్ అను గ్రామము కట్టించునప్పుడు ప్రతి యింటికి తోట నిచ్చి, అందు పండ్లచెట్లు నాటించెను. ఇల్లు తన స్థలములో నాల్గవ వంతు మించి ఆక్రమింపరాదని 1900లో ధర్మకర్తల పత్రమునందు వ్రాయించెను. మన ఎండలో, మన నేల ధరలలో నాల్గవ వంతు మాట అడుగుట అత్యాశ. ఉన్న వేపచెట్లను లెక్కపెట్టి, వానిని నిలిపి, వాని నడుమ నక్షా గీయుడని మాత్రము అడుగుచున్నాము. ఏబదియేండ్ల చెట్టు నీడను ఏ టెండరును తేజాలదు.

ఈ వేసవి సెలవులలో తొమ్మిదవ తరగతి విద్యార్థినీ విద్యార్థులు తమ యింటి నక్షాను గళ్లకాగితము మీద, అడుగునకు ఒక గడి చొప్పున, గీసి తేవలెనని గణితోపాధ్యాయులు నిర్ణయించిరి. ప్రతి గది వైశాల్యమును, కిటికీల వైశాల్యమును వేఱువేఱుగా వ్రాయవలెను. ఉదయము పదింటికి దీపము లేకుండ పుస్తకము చదువగల చోట్లను పసుపు పెన్సిలుతోను, తలుపు మూసికొనగల చోట్లను నీలి పెన్సిలుతోను నింపవలెను. ఇల్లు కట్టబోవుచున్న తల్లిదండ్రులెవరైనను తమ స్థలపు కొలతలు పట్టుకొని బడి తెఱచిన పిమ్మట ఏ శనివారపు సాయంకాలమైనను రావచ్చును. పిల్లలును మేమును కలిసి బల్ల మీద కొలతలు పఱచి, ఆ 48 అడుగులు ఎక్కడ పట్టునో వెదకుదుము.